మంచు అనే మాట

తెలుగులో గడ్డిపరకపై నిలిచిన బిందువూ మంచే, దారి కనిపించనీయని తెల్లని తెరా మంచే, హిమాలయాలపై దూదివలె కురిసేదీ మంచే, రాయివలె బిగుసుకున్నదీ మంచే. కవులకు ఇది సౌకర్యమే. తుహినమనో, నీహారమనో మార్చి మార్చి పద్యపాదం నింపుకోవచ్చును. అయితే గడ్డకట్టిన జలపాతాన్ని ఎక్కేవానికి ఈ ఒక్క మాట చాలదు.

కాశ్మీరులో టంగ్‌మర్గ్ చేరువనున్న ద్రంగ్ జలపాతం చలికాలంలో గడ్డకట్టిన చిత్రాన్ని ఒక విద్యార్థి తరగతికి తెచ్చి, "సార్, దీన్ని ఎక్కుతారట, నిజమేనా?" అని అడిగినాడు. మన కుంటాల జలపాతం మాత్రమే ఎరిగినవారికి ఆ సందేహం సహజం. నిజమే, ఎక్కుతారు. పాదరక్షలకు ఉక్కు ముళ్లచట్రం బిగించుకొని, రెండు చేతులా మంచుగొడ్డళ్లు పట్టుకొని ఎక్కుతారు. ఆ చట్రానికి ముందువైపు పొడుచుకొని వచ్చే ముళ్లను 1929లో లారాం గ్రివెల్ అమర్చిన తరువాత నిటారు మంచుపై నిలబడటం ఎంతో సులువైనది. నీలిరంగు మంచు గట్టిది. గాలిబుడగలతో తెల్లబారినది బలహీనం. గొడ్డలి దెబ్బకు డప్పువలె బోలుగా మోగితే వెనుక ఖాళీ ఉన్నదనో, నీరు ఇంకా పారుతున్నదనో అనుమానించాలి. తీవ్రమైన చలిలో గట్టి మంచు సైతం పళ్లెమంత పెచ్చులుగా ఊడిపడుతుంది.

హిమాయత్‌నగర్ పేరులో హిమం వినిపిస్తుంది గాని, అరబ్బీ నుండి వచ్చిన ఆ మాటకు అండ, ఆదరణ అని అర్థం. అక్కడ మేమెరిగినది వేసవి రంజాన్‌లలో షర్బత్ కొరకు కొనే బరఫ్ దిమ్మ ఒక్కటే. అమ్మే పెద్దాయన గోనెపట్టా తొలగించి, ఇనుప మొనతో ఒకే వరుసలో నాలుగు పోట్లు పొడిచేవాడు. దిమ్మ గీత గీసినట్లు రెండయ్యేది. జలపాతంపై వ్రేలాడేవాడు భయపడేది సరిగా ఆ చీలికకే! నడిమి తెల్లని భాగం త్వరగా విరుగుతుందని పెద్దాయనకు ఏ గ్రంథమూ చెప్పలేదు.

మనవారికి ఈ విద్య అందనిదేమీ కాదు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ భువనగిరి బండపై తొలి పాఠాలు నేర్చి, 2014 మే 25న టిబెట్ వైపు నుండి ఎవరెస్టు శిఖరం చేరినారు. అప్పటికి పూర్ణకు పదునాలుగేళ్లు నిండలేదు. వారు ఎక్కినది జలపాతం కాదు. కాని కాలికింద మంచును పోల్చుకోవలసిన అగత్యం అక్కడా ఉన్నది. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 దినాలలో ఎక్కి, 2015లో ఆండీస్ పర్వతాలలో కన్నుమూసినాడు. హిందూ కుటుంబాలు సైతం బిడ్డకు మస్తాన్ అని పేరు పెట్టుకొనే సీమ అది.

ఆ విద్యార్థి రెండవ ప్రశ్న మమ్ములను ఇరుకున పెట్టినది: "నీలిమంచుకు, తెల్లమంచుకు వేర్వేరు తెలుగు మాటలున్నవా?" ఉర్దూ శాఖ మిత్రుని అడిగితే, బరఫ్ కూడా మంచువలెనే రెంటికీ చెల్లుతుందని నవ్వి, పారశీకపు 'యఖ్' అనే మాట ఇచ్చినాడు. భువనగిరి బండ నుండి మంచుకొండకు వెళ్లిన పిల్లలు తమలో తాము ఏమని పిలుచుకొన్నారో వినవలెనని ఉన్నది. అది నిఘంటువులో లేకున్నా సరే, నల్లబల్లపై వ్రాయుటకు సిద్ధంగా ఉన్నాము.