ఆక్సిజన్ అనే జహర్

మా ఆపా కొడుకు జిద్దాలో నౌకరీ చేస్తాడు. ఈద్ సెలవులొస్తే ఈజిప్టులోని దహబ్ పోయి సముద్రంలో మునుగుతాడు. వీపున రెండు సిలిండర్లు, పక్కన ఇంకో రెండు, అరవై డెబ్బై మీటర్ల లోతు. టెక్నికల్ డైవింగ్ అంటారట. అక్కడ వాడికో దోస్తుల జమాత్, ఆ జమాత్‌కి సొంత సైన్స్. ఫోన్ చేసినప్పుడల్లా నాకో సబఖ్ చెబుతాడు.

"మామూ, ఆక్సిజన్ జహర్. సబూత్ కావాలా? ఇప్పటిదాకా చచ్చిపోయినవాళ్లలో ఆక్సిజన్ పీల్చనివాడు ఒక్కడైనా ఉన్నాడా? అసర్ చూపడానికి డెబ్బై ఎనభై ఏళ్లు పడుతుంది, అంతే."

ధూప్ అయితే నశా అట. లోతుకు పోయేకొద్దీ దిగుతుందట. నీళ్లు ముందు ఎర్ర రంగును మింగేస్తాయి, అందుకే లోతులో వేలు తెగితే రక్తం ఆకుపచ్చగా కనబడుతుంది. ఇక్కడిదాకా నిజమే. ఆ తర్వాత వీళ్ల సైన్స్ మొదలు: రక్తం అసలు రంగే ఆకుపచ్చ, పైనున్న సూరజ్ మనల్ని ధోకా చేస్తున్నాడు!

ఆకులు ధూప్‌తో ఆక్సిజన్ తయారుచేస్తాయని, దాన్ని 'జియాయీ తాలీఫ్' అంటారని మా ఉర్దూ మీడియం ఉస్తాద్ చెప్పారు. తర్వాత తెలుగులో 'కిరణజన్య సంయోగక్రియ' అనడానికి నాకు ఊపిరి చాల్లేదు. ఈ ముచ్చట చెప్పగానే వాడు ఎగిరి గంతేశాడు. "చూశారా! ధూప్ ఫ్యాక్టరీ మాలిక్, ఆక్సిజన్ వాడి మాల్. ఇద్దరిదీ మిలీభగత్!"

ఇప్పుడు నవ్వుతున్నాను గానీ, మొదటిసారి 'ఆక్సిజన్ జహర్' అన్నప్పుడు ఫోన్ పెట్టేశాను.

2021 మే. దుల్హాభాయ్ ఆక్సీమీటర్ 84 చూపిస్తోంది. దవాఖానాలో బెడ్ లేదన్నారు. వాట్సాప్‌లో కర్పూరం, వాము మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని ఒకటి, ఎండలో కూర్చుంటే వైరస్ చస్తుందని ఇంకొకటి. అవన్నీ ఝూట్ అని మా పేపర్లో రాసింది నేనే. అయినా ఛత్ మీద కుర్చీ వేసి ఆయన్ని ఎండలో కూర్చోబెట్టాను. రుమాల్లో కర్పూరం కట్టి చేతికిచ్చాను. రాత్రంతా లైన్లో నిలబడితే ఫజర్ అజాన్ వేళకు సిలిండర్ దొరికింది. ఇంటికి తెచ్చేసరికి దాని జరూరత్ తీరిపోయింది. ఫ్లైట్లు బంద్. వాడు జనాజా ఫోన్లో చూశాడు.

ఆ కొడుకు నోట ఆ మజాక్!

వాడిది తప్పని తేల్చాలనే జిద్‌తో చదివాను. సగం సచ్ అని తేలింది. మామూలు గాలే 66 మీటర్ల లోతులో పీలిస్తే, ఆ ఒత్తిడికి అందులోని ఆక్సిజన్ వల్ల ఫిట్స్ వచ్చే ఖతరా ఉంది. ప్యూర్ ఆక్సిజన్‌కైతే ఆరు మీటర్లే హద్దు. నీళ్లలో ఫిట్స్ వస్తే నోట్లో పైపు ఊడిపోతుంది, అంతే. అందుకే వీళ్లు హీలియం కలిపి ఆక్సిజన్ తగ్గిస్తారు. వంద మీటర్ల కింద ప్రాణం నిలిపే ఆ గాలిని పైన పీలిస్తే స్పృహ తప్పుతుంది.

1878లోనే పాల్ బెర్ అనే ఫ్రెంచాయన ఈ జహర్ గురించి రాశాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జె.బి.ఎస్. హాల్డేన్ ఇనుప గదిలో కూర్చుని తన మీదే ప్రయోగం చేసుకుంటే ఫిట్స్ వచ్చి వెన్నుపూస దెబ్బతింది. ఆయన 1957లో హిందుస్తాన్ వచ్చి ఇక్కడి పౌరుడయ్యాడు. 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. తన శరీరాన్ని వసీయత్‌గా ఇచ్చింది ఎక్కడికో తెలుసా? మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి! డైవర్లకు ఆక్సిజన్ హద్దు నేర్పిన పెద్దమనిషి చివరికి గోదావరి జిల్లా పిల్లలకు పాఠమయ్యాడు.

మొన్న వాడికి ఇదంతా చెప్పాను. కాసేపు చప్పుడు లేదు.

"మామూ, పైకి వచ్చేముందు ఆరు మీటర్ల దగ్గర ఆగుతాం. ఒంట్లోని గ్యాస్ పోవడానికి ప్యూర్ ఆక్సిజన్ పీలుస్తూ తాడు పట్టుకుని వేలాడతాం. నెత్తి మీదే ధూప్ కనిపిస్తుంటుంది, పోవడానికి లేదు. అప్పుడు సిలిండర్ ముల్లు చూస్తుంటాను."

"ఎందుకురా?"

"మిగిలింది అబ్బాకి ఎన్ని గంటలొచ్చేదో హిసాబ్ వేస్తుంటాను."

ఇద్దరం చాలాసేపు ఊరుకున్నాం. తర్వాత వాడే గొంతు సవరించుకుని హీలియం గురించి కొత్త సబఖ్ ఎత్తుకున్నాడు.