తాత చెప్పనిది చుక్క చెప్పింది

మాది డుంబ్రిగుడ. మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే, ఆ చలిలో తాత రాత్రికి ఐదారుసార్లు లేచి బయటికెళ్లడం చూశాను. అడిగితే "వయసురా, ఏం కాదు" అన్నాడు. రెండేళ్లుగా నానమ్మకీ అదే మాట.

బతిమాలి విశాఖ తీసుకెళ్లాను. అనంతగిరి ఘాట్‌లో బస్సు రెండుసార్లు ఆపమన్నది నేనే. తాత తల దించుకునే దిగాడు, తల దించుకునే ఎక్కాడు.

డాక్టరు గారిది తెలుగు, తాతది ఆదివాసీ ఒడియా. మధ్యలో నేను. "మంట ఎక్కడ?" అని మనవడు తాతని అడగడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. తాత నేల చూపులు చూశాడు.

ముందు పీఎస్‌ఏ పరీక్షకి రక్తం తీసుకున్నారు. తర్వాత ప్రోస్టేట్ గ్రంథిని నెమ్మదిగా నొక్కి, వచ్చిన ద్రవం చుక్కని మైక్రోస్కోప్ కింద పెట్టారు. నన్నూ చూడమన్నారు. ఆరోగ్యంగా ఉంటే ఆ ద్రవం పలచటి పాలలా ఉంటుందట. అందులో లెసిథిన్ కణికలనే కొవ్వు బిందువులు మెరుస్తూ నిండుగా కనిపిస్తాయి. వాపు వస్తే అవి తగ్గి, తెల్ల రక్తకణాలు పెరుగుతాయి. తాత చుక్కలో తెల్లకణాలు గుంపులు గుంపులు. మెరిసేవాటిని వెతుక్కోవాల్సి వచ్చింది.

"నేను నూనె ముట్టనే, ఈ కొవ్వు గొడవేంటి?" అన్నాడు తాత. ఇది తిండిలో నూనె లెక్క కాదు, గ్రంథి పనితీరు లెక్క అని చెప్పాను. హాస్టల్‌కి వచ్చాక ఇంకొంచెం చదివాను. వయసుతో ఉబ్బిన ప్రోస్టేట్ కణజాలంలో కొలెస్ట్రాల్ మామూలు కంటే దాదాపు రెట్టింపు ఉంటుందని స్వయర్ అనే శాస్త్రవేత్త 1942లోనే రాశాడు. అంటే వాపు వస్తే ద్రవంలో ఒక కొవ్వు తగ్గుతుంది, వయసుతో ఉబ్బితే కణజాలంలో ఇంకో కొవ్వు పెరుగుతుంది. రెండిట్లోనూ మనిషి రాత్రిళ్లు లేస్తాడు, కానీ మందు ఒకటి కాదు. క్యాన్సర్‌ని మాత్రం ఈ చుక్క తేల్చదు. దానికి పీఎస్‌ఏ, అవసరమైతే బయాప్సీ ఉండాల్సిందే.

తాతకి తేలింది వాపు. ఆరు వారాలు మాత్రలు వాడమన్నారు. రెండేళ్లు "వయసు" అని మోసింది, మందుతో తగ్గే జబ్బు.

తిరుగు ప్రయాణంలో అదే ఘాట్. ఈసారి నేను లేవకముందే తాత లేచి, వచ్చీరాని తెలుగులో గట్టిగా అన్నాడు: "డ్రైవర్ బాబూ, కొంచెం ఆపు. నాకు జబ్బుంది."

ఈసారి ఇంటికెళ్తే మీ తాతని ఒకసారి అడగండి. "వయసు" అంటే అక్కడితో వదిలేయకండి.