మా ఇంట్లో ఆట ఆగిన రోజు

ప్రపంచ రాజకీయాల గురించి రాయడానికి నేనెంతటివాణ్ణి? సూర్యాపేట దగ్గర ఓ పల్లెలో కాస్త పత్తి, కాస్త వరి పెట్టుకొని బతికేవాణ్ణి. అయితే 2020లో ఆ రాజకీయాలే వచ్చి మా ఇంట్లో మంచం మీద కూర్చున్నాయి. అందుకే ఈ నాలుగు మాటలు. పిల్లలున్నవారు అర్థం చేసుకుంటారు.

ఆ ఏడు కరోనా వల్ల బళ్లు మూతపడ్డాయి. మావాడు పదో తరగతిలోకి వచ్చాడు. ఇక పాఠాలు ఫోనులోనే అన్నారు. పెట్టుబడికి దాచిన డబ్బులోంచి తీసి షావోమీ కంపెనీ రెడ్మీ ఫోను కొన్నాను. వారం తిరక్కుండానే అందులోకి పబ్జీ వచ్చి చేరింది.

ఆ ఆట ఎరుగనివారి కోసం చెబుతాను. నూరు మంది విమానంలోంచి పారాచూట్లతో ఒక దీవిలో దిగుతారు. ఖాళీ ఇళ్లలో దొరికిన తుపాకులు ఏరుకొని ఒకరినొకరు కాల్చుకుంటారు. ఆడే జాగా అంతకంతకు కుంచించుకుపోతుంది కాబట్టి ఓ మూల దాక్కుందామంటే కుదరదు. చివరికి మిగిలినవాడిదే గెలుపు. నలుగురు స్నేహితులు ఒక జట్టుగా, మాట్లాడుకుంటూ ఆడతారు. ఒక్కో ఆట అరగంట. మధ్యలో తల్లి అన్నానికి పిలిచిందని లేస్తే మిగతా ముగ్గురినీ ముంచినట్టే. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే వాణ్ణి మొండివాడని తిట్టడం, ఒకసారి చెయ్యి చేసుకోవడం కూడా అయిపోయాయి.

ఆ జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మనవాళ్లు 20 మంది చనిపోయారు. వారికి ముందు నిలిచిన కర్నల్ సంతోష్‌బాబు మా సూర్యాపేట బిడ్డ. 18వ తేదీన కేసారంలో అంత్యక్రియలు జరిగాయి. టీవీ ముందు కూర్చున్న నా భార్య కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఆ పూట మావాడు కూడా ఫోను ముట్టలేదు.

జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. సెప్టెంబరు 2న మరో 118. ఆ జాబితాలో పబ్జీ ఉంది. అంతకు ముందు రోజే మా రాష్ట్రంలో టీవీ పాఠాలు మొదలయ్యాయి. నా సంతోషం ఏమని చెప్పను! నెలల తరబడి నేను గొంతు చించుకున్నా కాని పని ఢిల్లీ ఒక్క కాగితంతో చేసిందనుకున్నాను. అప్పటికే ఫోనులో ఉన్నవారికి అక్టోబరు 30 దాకా నడిచింది లెండి, ఆ తర్వాతే పూర్తిగా ఆగింది.

కానీ ఆ రాత్రి ప్రార్థనలో గల్వాన్ కుటుంబాల కోసం నోరు తెరిస్తే మాట పెగల్లేదు. ఇరవై ఇళ్లలో దీపాలు ఆరిపోతే, దాని వెనకాలే మా ఇంట్లో పోరు తగ్గిందని పొద్దంతా సంబరపడ్డాను. పైగా ప్రభుత్వం నా కొడుకు చదువు కోసం ఆపలేదు. మన వివరాలు పరాయి దేశానికి పోతున్నాయని, దేశ భద్రతకు భంగమని ఆపింది. నా పని నేను చేయలేక, సరిహద్దు గొడవ చేసిపెడితే చేతులు దులుపుకున్నాను.

మావాడు ఊరుకోలేదు. "నాయినా, పబ్జీ చేసింది కొరియావోళ్లు. చైనా కంపెనీ దాన్ని మన దగ్గర నడిపిస్తుందంతే. మరి నువ్వు కొన్న ఫోను చైనా కంపెనీదే గదా, దాన్నెందుకు ఆపలే?" అన్నాడు.

ఫోను తిప్పి చూస్తే వెనక 'మేడ్ ఇన్ ఇండియా' అని ఉంది. తర్వాత తెలిసింది, షావోమీ ఫోన్లను మన దేశంలో బిగించడం మొదలైంది 2015లో, ఆంధ్రలోని శ్రీసిటీలోనేనట. చైనా పేరు, తైవాన్ వారి ఫాక్స్‌కాన్ కర్మాగారం, పనిచేసే చేతులు మనవి. ఇందులో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో చెప్పండి! ఆటను ఒక్క ఉత్తర్వుతో ఆపొచ్చు. కోట్ల చేతుల్లో ఉన్న ఫోన్లను, వాటి మీద బతికే ఉద్యోగాలను ఎలా ఆపుతారు? నాకు తోచింది ఇదే. నిషేధం తప్పని నేననను. అది సగం మాట మాత్రమే.

2021 జూలై 2న అదే ఆట బీజీఎంఐ అనే పేరుతో, ఈసారి కొరియా కంపెనీ క్రాఫ్టన్ చేతుల మీదుగా తిరిగి వచ్చింది. 2022 జూలైలో మళ్లీ తీశారు, 2023 మేలో మళ్లీ ఇచ్చారు. ఢిల్లీ తాళం ఢిల్లీ ఇష్టం. దాన్ని నమ్ముకొని ఇల్లు నడపలేమని నాకు అర్థమైంది.

అది వచ్చిన వారంలోనే ఒక రాత్రి వాడి పక్కన కూర్చొని, "నాకూ నేర్పురా" అన్నాను. వాడు నమ్మలేదు. దీవిలో దిగి తలుపు ఎటుందో వెతుక్కుంటుండగానే ఎవడో కాల్చేశాడు. వాడు కడుపు పట్టుకొని నవ్వాడు. చాలా నెలల తర్వాత మా ఇంట్లో వాడి నవ్వు విన్నాను. అన్నం తిన్నాక రెండాటలని ఒప్పందం చేసుకున్నాం. కొన్నాళ్లు మూడయ్యాయి, నిజమే. ఫోను తీసి బీరువాలో పెట్టిన రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు వాడు హైదరాబాదులో చదువుతున్నాడు. సూర్యాపేటలో 2021 జూన్‌లో ఆవిష్కరించిన కర్నల్ గారి విగ్రహాన్ని దాటుకునే మా ఊరికి వస్తాడు. మొన్న క్రిస్మస్‌కు వచ్చినప్పుడు చేతిలో ఫోను మళ్లీ ఆ కంపెనీదే, కొత్తది. నేనేమీ అనలేదు.

"రెండాటలేనా?" అని మాత్రం అడిగాను.

"నువ్వు గూడ రా నాయినా, ఈసారైనా తలుపు దొర్కుతదేమో సూద్దాం" అన్నాడు.