చిన్న కుక్కే గదా!

మొన్న మన సంఘం విందులో ఒక మిత్రులు పులిహోర వడ్డించుకుంటూ, "ఏమండీ డాక్టరు గారూ, ఆరు పౌన్ల కుక్క మిమ్మల్ని మంచులో పడేసిందటగా?" అని నలుగురూ వినేలా అడిగారు. నవ్వులు సద్దుమణిగాక జవాబు చెబుదామనుకునేలోగా వేడివేడి మిరపకాయ బజ్జీలు వచ్చాయి. సభ అటు తిరిగింది. ఆనాడు చెప్పలేకపోయిన జవాబు ఇది.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. రెండేళ్లు పోరి పోరి, పోయిన వేసవిలో ఒక పొమరేనియన్ పిల్లను సాధించుకుంది. దాని పేరు లడ్డు. "రోజూ నేనే నడిపిస్తా నాన్నా" అని చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది. ఆ మాట బడులు తెరిచేదాకా నిలిచింది. తరువాత తెల్లవారుజాము నడక మా వాటాకు వచ్చింది. ఇకమీద 'మేము' అంటే మేమూ, లడ్డూ అని చదువుకోవాలి.

చిన్న కుక్కే గదా అనుకునేవారు ఒక్క వారం ప్రయత్నించి చూడండి. పెద్ద కుక్క లాగితే ఎటు పోతున్నామో అయినా తెలుస్తుంది. చిన్నది లాగదు, అల్లుకుంటుంది. ఆరడుగుల తాడుతో మన రెండు కాళ్లకూ ముడి వేసి, ఏమీ ఎరగనట్టు తోక ఊపుతుంది. మిషిగన్ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు దాని అరికాళ్లకు మంట. నాలుగడుగులు వేసి, ఒక కాలు పైకెత్తి, మన మొహంలోకి చూస్తూ నిలబడిపోతుంది. ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్లతో కాళ్లు కడగాలి, లేకపోతే ఆ ఉప్పంతా నాకేస్తుంది. నాలుగు బుల్లి బూట్లు కొన్నాం. ప్రస్తుతం మూడున్నాయి.

ఇక ఆ ప్లాస్టిక్ సంచి సంగతి. నల్గొండ నుంచి వీడియోలో చూసి మా అమ్మ, "ఇంత సదువు సదివి, సంచి పట్టుకొని కుక్క ఎనక తిరుగుతున్నవా బిడ్డా!" అని నెత్తి కొట్టుకుంది. న్యూయార్కులో 1978 నుంచీ ఇది చట్టమేనమ్మా అన్నాం. "మీరుండేది మిషిగన్ల గదా" అంది. అమ్మతో వాదించి గెలిచినవారుంటే చెప్పండి.

నవంబరులో లడ్డు దగ్గడం మొదలుపెట్టింది. బాతు అరిచినట్టుండే దగ్గు. పశువైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లాం. ఆమె ముందు కుక్కను చూడలేదు, మా చేతిని చూసింది. తాడు మూడు చుట్లు చుట్టి పిడికిలి బిగించి ఉన్నాం. "ఎప్పుడూ ఇంత బిగించి పట్టుకుంటారా?" అని అడిగింది. "లేదండీ" అన్నాం మేము. "ఎప్పుడూ ఇంతే" అంది మా అమ్మాయి.

శ్వాసనాళానికి 'సి' అక్షరం ఆకారంలో మృదులాస్థి వలయాలుంటాయని మొదటి సంవత్సరంలోనే బట్టీ పట్టాం. ఈ బుల్లి జాతుల్లో కొన్నిటికి అవి మెత్తబడి నాళం అణిగిపోతుందట. మెడపట్టీ పట్టి లాగితే ఇంకా ఎక్కువవుతుంది. మెడపట్టీకి తాడు కట్టడం మాని, ఛాతీకి జీనులా తొడిగే హార్నెస్ వాడమంది. నలుగురి గొంతులు చూసి బతికే మేము, ఇంట్లో ఉన్న గొంతును రోజూ నొక్కుతున్నామన్నమాట.

ఎందుకు బిగించామో మాకు తెలుసు. 2012లో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నల్లకుంట జ్వరాల ఆసుపత్రిలో కొన్నాళ్లు పనిచేశాం. ఊరివాళ్లకది కోరంటి. ఒక రాత్రి ఒక తండ్రి తొమ్మిదేళ్ల కొడుకును ఎత్తుకొచ్చాడు. పిల్లవాడు దాహం అంటాడు, స్టీలు గ్లాసు దగ్గరకు తెస్తే గొంతు పట్టేసి విలవిల్లాడతాడు. రెండు నెలల కిందట కరిచిందట. పసుపూ సున్నమూ పెట్టారు. "చిన్న కుక్కే సార్, పిల్ల కుక్క. రక్తం గూడ రాలె" అన్నాడు తండ్రి. ఆ మాట పదేపదే అన్నాడు. ఆనాడే సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, టీకాలు మొదలుపెట్టి ఉంటే బతికేవాడు. జబ్బు బయటపడ్డాక మా చేతిలో ఏముంది?

ఈ దేశంలో కుక్క నుంచి కుక్కకు పాకే రేబిస్ లేదని 2007లోనే ప్రకటించారు. ఇప్పుడు గబ్బిలాలు, రకూన్ల వంటి వాటితోనే భయం. ఇదంతా మాకు తెలుసు, మా మోకాళ్లకు తెలియదు. జనవరిలో ఎదురింటి లాబ్రడార్ తాడు లేకుండా ఆడుకోవడానికి పరుగెత్తుకొచ్చింది. లడ్డును చంకనెత్తుకుని వెనక్కి గెంతాం, గడ్డకట్టిన మంచు మీద వెల్లకిలా పడ్డాం. దాని యజమాని, పాపం పెద్దాయన, దెబ్బ తగిలిందా అని వంగి అడుగుతుంటే, మా నోట వచ్చిన మొదటి మాట: "రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు?" ఆయన తెల్లబోయి, దాని మెడలోని బిళ్ల పట్టుకుని, సంవత్సరం చదివి వినిపించాడు. లడ్డు ఆయన చెయ్యి నాకింది. ఇదంతా మా అమ్మాయి కిటికీలోంచి చూసింది.

రాత్రి పక్క మీద, "అలా ఎందుకడిగావు నాన్నా?" అంది. ఆ పిల్లవాడి సంగతి చెప్పాం, అంతా కాదు. "వాడికీ తొమ్మిదేళ్లేనా?" అని అడిగి, చాలాసేపు మాట్లాడలేదు.

మర్నాడు తనూ నడకకు వచ్చింది. హార్నెస్ తనే తొడిగి, మా చేతికి చుట్టుకున్న తాడును ఒక్కొక్క చుట్టే విప్పింది. లడ్డు ఆరడుగులు ముందుకు వెళ్లి, తాడు అయిపోయాక వెనక్కి తిరిగి చూసింది. దగ్గు తగ్గింది. లడ్డు టీకా కాగితం మాత్రం ఇప్పటికీ కోటు జేబులో మడతపెట్టి ఉంచుకుంటున్నాం. చూపించమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.