ఆలస్యంగా వచ్చిన కుర్రవాడు

మా రఘునాథపల్లిలో బంతి తన్నే పిల్లలందరికీ నేను "సారు"ని. అలాగని ఏ బడిలోనూ పంతుల్ని కాను. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, సాయంత్రాలు పిల్లలచేత ఫుట్‌బాలు ఆడిస్తూంటాను. ఆట వాళ్ళది, అరుపులు నావి.

మొన్న ఒక కుర్రవాడు వరసగా మూడోరోజు కూడా ఆలస్యంగా వచ్చాడు. అందరిలోకీ వాడే మంచి ఆటగాడు. అందుకే మరీ ఒళ్ళు మండి, "రేపట్నుంచి రాకు!" అనేశాను. వాడు మారుమాట్లాడకుండా తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుచేతనో రహీం సాహెబు జ్ఞాపకం వచ్చారు. ఆయన జట్టు ఆటను మా బాపు హైదరాబాదులో చూసి, చిన్నప్పుడు నాకు కథలుగా చెప్పేవాడు.

సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత బడిపంతులు. ఉస్మానియాలో చదివే రోజుల్లో తానూ ఆడినవారే. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ ఏడు మొదలు 1954 దాకా రోవర్స్ కప్పు ఆ జట్టుదే! కుడికాలి వాటం వాళ్ళను ఎడమకాలితోనే ఆడమనేవారట. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగోస్థానంలో నిలిచింది. 1962లో జకార్తా వెళ్ళేనాటికి ఆయన ఒంట్లో కాన్సరు. అయినా ఫైనల్లో, తలకు దెబ్బతగిలిన డిఫెండరు జర్నైల్ సింగ్‌ను ముందువరసలో ఆడించి గోలు కొట్టించారు. దక్షిణ కొరియామీద 2-1తో మళ్ళీ స్వర్ణం! మరుసటి ఏడు జూన్ 11న కన్నుమూశారు.

అయితే ఆ రాత్రి నన్ను పొడిచింది ఈ కప్పులూ పతకాలూ కావు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం, రోజూ ఆటకు రావడానికి స్తోమతు లేదంటే, అద్దెసైకిలుకు డబ్బిచ్చి మరీ రప్పించారట సాహెబు. జకార్తాలో గెలిచిన జట్టులో ఆ బలరామూ ఉన్నాడు.

మరి నేనో? ఎందుకాలస్యమైందని కూడా అడగలేదు!

తెల్లవారగానే వాడుండే తండాకు వెళ్ళాను. వాడు గేదెకు గడ్డి వేస్తున్నాడు.

"నడుచుకుంటొస్త సారూ, గందుకే లేటయితది" అన్నాడు నేల చూస్తూ.

మా ఇంట్లో తుప్పు పట్టిన సైకిలొకటుంటే బాగుచేయించి ఇచ్చాను. ఆ సాయంత్రం వాడు దాన్ని నెట్టుకుంటూ, చెమటలు కారుస్తూ, ఆఖరున వచ్చాడు.

"పంచరయింది సారూ!"

నేను గడియారం చూడలేదు. బంతి వాడి ఎడమకాలి వేపు తన్నాను.