ఒంటిచేతి వ్యాపారం - కొత్త గుమాస్తా

పక్కన రంధ్రం చేసి బోర్లించిన కుండ, లోపల ఎండుటాకుల మంట, పైన బియ్యపు పిండిజావలో ముంచిన పలుచని గుడ్డ; రెప్పపాటులో రేకు లేచివస్తుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి పాఠకులకు విదితమే.

నా పూర్వవిద్యార్థిని ఒకామె అక్కడే ఈ వ్యాపారం ఒంటరిగా నడుపుతున్నది. రేకు తీయడం మొదలు కొరియరు వరకు అన్నీ తానే. ఇప్పుడామెకు గుమాస్తా చాట్‌జీపీటీ! వాట్సాప్‌లో వచ్చిన సందేశాలన్నీ అందులో అతికిస్తే, ఎవరికెన్ని పెట్టెలో, బెల్లమో పంచదారో పట్టిక వేసి ఇస్తుంది. రాత్రి రెండు గంటల పని అరగంటకు దిగినదట. సంతోషమే.

అది వ్రాసిన ప్రకటన నాకు చూపినది. "మా పూతరేకులు ఆరు నెలలు నిలువ ఉంటాయి" అని ఉన్నది. నేయి పూసిన సరకుకు అంత ఆయుర్దాయం ఎవరిచ్చారమ్మా అన్నాను. "నేను చెప్పలేదండి మాస్టారూ, అదే కల్పించేసిందండి" అన్నది. వాక్యంలో వ్యాకరణదోషం ఒక్కటీ లేదు. నాకు భయం కలిగినది అందుకే. తప్పులతడక తెలుగైతే ఎవరైనా అనుమానించి ఉందురు. రేపు హైదరాబాదులో ఎవరింటనో సరకు పాడైతే నింద మోయవలసినది ఈ పిల్లయే కదా, యంత్రం కాదు.

పట్టికలు ఇప్పటికీ దానిచేతనే వేయిస్తున్నది. పెట్టెలు కట్టేముందు వేలితో మరల లెక్కపెడుతుంది. ప్రకటన మాత్రం తానే వ్రాసుకున్నది: "వారంలోపు తినేయండి, తర్వాత నన్ననకండి."

సంస్కరించబోయి ఊరకున్నాను.