గుండెను చూసే కిటికీలు

పిల్లలూ! ఈసారి మనం ఉత్తరాన ఉన్న చలిదేశాలకు పోయివద్దాం. స్వీడన్ దేశానికి దక్షిణపు కొసన మాల్మో అనే రేవు పట్టణం ఉన్నది. ఒకప్పుడు అక్కడ కోకుమ్స్ అనే ఓడల కర్మాగారంలో పెద్ద పెద్ద ఓడలు కట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ చోట ఇళ్ళు వెలిశాయి. బట్టను పిండినట్టు మెలితిరిగి ఉండే ఎత్తయిన మేడ కూడా ఒకటి అక్కడ ఉన్నది. అయినా మన కథ ఆ ఓడల దగ్గరే మొదలవుతుంది.

ఓడలకు వాడే ఇనుములో సన్నటి పగులు ఉంటే పైకి కనపడదు. నడిసముద్రంలో బయటపడితే మాత్రం పెద్ద ముప్పు. అందుచేత పగుళ్ళను ముందే కనిపెట్టటానికి కోకుమ్స్‌లో ఒక యంత్రం ఉండేది. అది మన చెవులకు వినపడని ధ్వనిని ఇనుములోకి పంపుతుంది. లోపల పగులు ఉంటే ధ్వని దానికి తగిలి వెనక్కు వస్తుంది. నూతిలోకి వంగి "ఓ!" అని కేకపెడితే, నుయ్యి కూడా "ఓ!" అంటుంది కదా. ఇదీ అటువంటిదే.

మాల్మోలో రైలెక్కితే పావుగంటలో లుండ్ అనే ఊరు వస్తుంది. అది చిన్న ఊరే గాని చాలా పాతది. అక్కడి విశ్వవిద్యాలయాన్ని 1666లో స్థాపించారు. అంతకన్న ఎంతో పాతదైన పెద్ద చర్చిలో ఒక వింత గడియారం ఉన్నది. అది సూర్యచంద్రులు ఎక్కడున్నారో చూపుతుంది.

ఈ ఊరి ఆస్పత్రిలో ఇంగె ఎడ్లర్ అనే డాక్టరు ఉండేవాడు. మన గుండెలో నాలుగు గదులూ, వాటికి తలుపుల లాగా తెరుచుకుని మూసుకునే కవాటాలూ ఉన్నవని మీకు తెలుసు. కవాటం చెడిపోయిన రోగికి శస్త్రచికిత్స చెయ్యాలంటే, లోపల ఏం జరుగుతున్నదో ముందే తెలియాలి. రొమ్ము కొయ్యకుండా తెలుసుకోవటం ఎలా? ఎడ్లర్ ఈ సంగతిని హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్తతో చెప్పాడు. హెర్ట్జ్‌కు ఓడల యంత్రం గుర్తొచ్చింది. దానిని ఎరువు అడిగి, తన రొమ్ముకే ఆనించి చూసుకున్నాడు. గుండె నుంచి వచ్చిన ప్రతిధ్వని తెర మీద కదులుతూ కనపడింది! తరువాత వాళ్ళకు మరొక యంత్రం దొరికింది. 1953 అక్టోబరు 29న వాళ్ళిద్దరూ గుండె కదలికలను మొదటిసారి గీతలుగా నమోదు చేశారు. ఈనాడు మన ఊళ్ళలో తాతగార్లకు చేసే "ఎకో" పరీక్ష ఇలా పుట్టింది. ఎకో అంటే ప్రతిధ్వనే.

ఆనాటి గీతలు నేడు కదిలే బొమ్మలయ్యాయి. యంత్రం కూడా చిక్కి చిక్కి జేబులో పట్టేటంత అయింది. కాని యంత్రం ఉన్నంత మాత్రాన గుండె కనపడదు. దానిని పట్టే చేతికీ, చూసే కంటికీ చదువు చెప్పాలి. ఆ చదువు చూడటానికి మనం సముద్రం దాటి డెన్మార్కుకు పోదాం. రైలు కొంత దూరం వంతెన మీదా, కొంత దూరం సముద్రం అడుగున సొరంగంలోనూ పోతుంది. చివరకు ఆర్హూస్ నగరం చేరుతాం.

అక్కడి ఆస్పత్రిలో మత్తుమందు ఇచ్చే డాక్టరు ఎరిక్ స్లోత్, ఆయన తోటివాళ్ళూ 1989లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. దాని పేరు "ఫేట్". అది ఎందుకు అవసరమైందో వినండి.

అర్ధరాత్రి అనుకోండి. ఒక రోగికి రక్తపు పోటు పడిపోతున్నది. గుండె నిపుణుడు ఇంటి దగ్గర నిద్రపోతున్నాడు. మంచం పక్కన ఉన్నది కొత్తగా చేరిన చిన్న డాక్టరు. రోగి ఒంట్లో రక్తం చాలక గుండె గదులు ఖాళీగా ఉన్నాయా? అయితే సెలైను ఎక్కించాలి. గుండె కండరమే నీరసించిందా? అయితే ఎక్కువ సెలైను పోస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. లేక గుండె చుట్టూ నీరు పట్టి దానిని నొక్కేస్తున్నదా? అప్పుడు ఆ నీరు తీసెయ్యాలి. పైకి ముగ్గురు రోగులూ ఒకే రకంగా కనపడవచ్చు. ఒకరికి ప్రాణం పోసే వైద్యం మరొకరి ప్రాణం తియ్యవచ్చు.

అటువంటప్పుడు గుండెలోకి తొంగిచూడాలి. కాని ఈ ధ్వనికి రెండు అడ్డంకులున్నవి: ఎముక ఒకటి, గాలి ఒకటి. గుండె ముందు పక్కటెముకలూ, చుట్టూ గాలి నిండిన ఊపిరితిత్తులూ ఉన్నవాయె! అందుచేత సందులు వెతకాలి. మొదటి కిటికీ రొమ్ము ఎముకకు దిగువ, పొట్ట పైభాగాన ఉన్నది. రెండవది ఎడమ రొమ్ము కింద. మూడవది రొమ్ము ఎముకకు ఎడమ పక్కన, పక్కటెముకల నడుమ. ఆఖరున రెండు డొక్కలలోనూ ఊపిరితిత్తుల చుట్టూ నీరున్నదేమో చూడాలి.

ఏ కిటికీ అందరిలోనూ తెరుచుకోదు. ఆర్హూస్ డాక్టర్లు 2004లో తమ లెక్కలు ప్రకటించారు. మొదటి కిటికీ నూటికి 58 మందిలో, రెండవది 80 మందిలో, మూడవది 69 మందిలో పనికివచ్చింది. మూడూ ప్రయత్నిస్తే మాత్రం నూటికి 97 మందిలో గుండె కనపడింది! ఒక చోట కనపడకపోతే విసుక్కోకుండా మరో చోటికి పోవాలన్నది చిన్న డాక్టరు నేర్చే మొదటి పాఠం.

అభ్యాసం ముందుగా ఆరోగ్యంగా ఉన్న మనిషి మీద చేస్తారు. మంచి గుండె ఎలా ఉంటుందో కంటికి పట్టుబడితేనే, చెడినది తెలుస్తుంది. చర్మానికీ యంత్రానికీ నడుమ గాలి లేకుండా జెల్లీ పూస్తారు. చెయ్యి రవ్వంత వంగితే చాలు, బొమ్మ మాయమవుతుంది! కొన్ని చోట్ల మనిషి మొండెం లాంటి బొమ్మల మీద కూడా నేర్పుతారు. తరువాత పెద్ద డాక్టరు పక్కన నిలబడి ఉండగా రోగులను చూస్తారు. గుండె ఆగిపోయిన రోగి రొమ్మును నొక్కుతున్నప్పుడైతే, నొక్కటం ఆపే 10 సెకండ్ల లోపలే చూసెయ్యాలి.

అన్నిటికన్న కష్టమైన పాఠం ఒకటున్నది. గుండె మీద ఉండే కొవ్వు కూడా ఒక్కోసారి నీరు లాగే కనపడుతుంది. నీరనుకుని సూది గుచ్చితే ప్రమాదం. అందుచేత చిన్న డాక్టరు తనకు స్పష్టంగా కనపడినదే చెప్పాలి. అనుమానం ఉంటే, "నాకు సరిగా తెలియటం లేదు, రండి" అని పెద్ద డాక్టరును నిద్రలేపాలి. అందుకు సిగ్గుపడనివాడే ఆ మంచం పక్కన ఉండదగినవాడు.

మీరు కాసేపు పరుగెత్తి వచ్చి, ఎడమ రొమ్ము కింద చెయ్యి పెట్టి చూడండి. దబ్ దబ్ మని కొట్టుకోవటం తెలుస్తుంది. మీ చెయ్యి ఉన్నది రెండవ కిటికీ దగ్గరే!